వీసా సంగతొక్కటే అడిగాం

2024 నవంబరు 6 సాయంత్రం రామచంద్రపురం బస్టాండు దగ్గర టీకొట్టుకి నేను వెళ్ళేసరికే ట్రంప్ గెలిచిన వార్త అక్కడ పాతబడిపోయింది. "ఏం మేష్టారూ, మీ అబ్బాయికేం ఇబ్బంది లేదు కదండీ?" అన్నారొకరు. "ఆయ్, ఇబ్బందేముందండీ, ఉషమ్మ మనమ్మాయేగా, చూసుకుంటాది లెండి" అన్నారింకొకరు. ఉషా వాన్స్ పూర్వీకులది తణుకు దగ్గర వడ్లూరు. గోదావరికి ఏ గట్టు వాళ్ళన్న పట్టింపు లేకుండా ఆవేళ ఆవిడ అందరికీ ఆడపడుచు అయిపోయింది. అక్కడ తమిళనాట తులసేంద్రపురంలో కమలా హారిస్ కోసం పూజలు, ఇక్కడ వడ్లూరులో ట్రంప్ కోసం పూజలు. పాపం దేవుళ్ళు.

నాకు ఆ పూజలతో పేచీ లేదు. నేనూ అందరితో నవ్వి, టీ తాగి వచ్చినవాడినే. నా గొడవ వేరు. ఏడాది పాటు సాగిన ఆ ప్రచారంలో మావాళ్ళు ఒక్కరంటే ఒక్కరు, నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను, ఆ ఇద్దరూ యుద్ధం గురించి ఏమంటున్నారని అడగలేదు. హెచ్-1బి ఏమవుతుంది, గ్రీన్ కార్డు క్యూ కదులుతుందా, మహా అయితే పాకిస్తాన్ పీచమణుస్తాడా లేదా. అమెరికా విదేశాంగ విధానం అంటే మనకి ఇంతే.

వాళ్ళేమీ దాచలేదు. ఆగస్టు 22న షికాగో సభలో హారిస్, ప్రపంచంలోకెల్లా బలమైన, ప్రాణాలు తియ్యడంలో సాటిలేని సైన్యం తన ఏలుబడిలో ఉంటుందని గట్టిగా చెప్పింది. అమెరికాకి అందరికన్నా పెద్ద శత్రువెవరని అక్టోబరులో టీవీవాళ్ళు అడిగితే, ఇరాన్ అంది. ట్రంప్ సరేసరి. ఉక్రెయిన్ యుద్ధాన్ని 24 గంటల్లో ఆపేస్తానన్నాడు. నిఘంటువులో అన్నిటికంటే అందమైన మాట సుంకం అన్నాడు. సెప్టెంబరులో ఫ్లింట్ అనే ఊళ్ళో మాట్లాడుతూ వ్యాపారంలో ఇండియా పెద్ద అన్యాయం చేస్తోందని, ఆ ఊపిరిలోనే మోదీ అద్భుతమైన మనిషని అన్నాడు. మా వాట్సాప్ గ్రూపులో రెండో ముక్కే తిరిగింది. దండాలు, జెండాలు, చప్పట్లు. మొదటి ముక్క ఎవరూ పంపలేదు, నేనూ పంపలేదు.

ఇద్దరికీ ఇరాన్ శత్రువే. అయితే మనకేంటి అంటారా? అది మా వెనక వీధికి చాలా దగ్గర.

మాది పేరుకే కోనసీమ జిల్లా. గౌతమి దాటితేనే కోనసీమ అంటారు అమలాపురం వాళ్ళు, మమ్మల్ని ఒప్పుకోరు. ఆ తగువు అలా ఉంచితే, కోటిపల్లి రేవుకి ఇటూ అటూ కూడా కొన్ని ఇళ్ళలో పిల్లలు చదువుకుని అమెరికా వెళతారు, ఇంకొన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్, దుబాయ్, మస్కట్ వెళతారు. ఈ రెండు రకాల ఇళ్ళూ ఒకే వరసలో ఎందుకుండవో మన ఊళ్ళు తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

2025 జూన్ 22న అమెరికా విమానాలు ఇరాన్ అణుకేంద్రాల మీద బాంబులు వేశాయి. మర్నాడు ఇరాన్, ఖతార్‌లో అమెరికా స్థావరం అల్ ఉదైద్ మీదకి క్షిపణులు వదిలింది. ఖతార్, కువైట్, బహ్రెయిన్, ఎమిరేట్స్ మీదుగా విమానాలు ఆపేశారు. ఆ రాత్రి పదకొండున్నరకి మా వెనక వీధిలో ఆవిడ ఫోను చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది. కూతురు కువైట్‌లో ఒకింట్లో వంటా, పిల్లల పనీ చేస్తుంది.

"అమెరికావోళ్ళేదో ఏశారంటండి మేష్టారూ. మా పిల్ల ఫోనెత్తట్లేదండి. మీ బాబు అమెరికాలోనే ఉన్నాడు గదండీ, ఓసారి అడగండి."

చేశాను. డల్లాస్‌లో అప్పుడు మధ్యాహ్నం, మావాడు మీటింగులో ఉన్నాడు. తర్వాత తనే చేసి, "ఇక్కడేం లేదు నాన్నా, అంతా మామూలే" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. అక్కడంతా మామూలే. తెల్లారాక ఆ పిల్ల ఫోను చేసింది. ఇంట్లోవాళ్ళు పడుకున్నాక గానీ ఫోను చేతికివ్వరట. ఆ రాత్రి వాళ్ళూ పడుకోలేదు.

మా ప్రాంతానికి ఇది కొత్త భయం కాదు. 1990 ఆగస్టు 2న సద్దాం కువైట్‌ని ఆక్రమించినప్పుడు అక్కడి భారతీయులు లక్షా 70 వేలమంది అమ్మాన్ మీదుగా ఇంటిదారి పట్టారు, ఎయిరిండియా తిప్పుతూనే ఉంది. దానికి రెండేళ్ళ ముందు అమెరికాలో సీనియర్ బుష్‌కీ డుకాకిస్‌కీ జరిగిన ఎన్నికల్లో జనానికి గుర్తుండిపోయిందల్లా డుకాకిస్ హెల్మెట్ పెట్టుకుని టాంకులో తిరిగిన బొమ్మ. ఆ బొమ్మ చూసి నవ్విన దేశం ఎన్నుకున్నాయనే 1991లో ఎడారిలోకి నిజం టాంకులు పంపాడు. 2000 అక్టోబరులో చిన్న బుష్ టీవీ చర్చలో, అమెరికా ఒదిగి ఉండాలి, ఊరి మీద పెత్తనం మనకెందుకన్నట్టు ఎంతో వినయంగా మాట్లాడాడు. అంతకుముందు ఏడాది ఒక విలేఖరి ఇండియా ప్రధాని పేరు అడిగితే చెప్పలేకపోయాడు కూడా. 2003 మార్చిలో ఆయన సైన్యం ఇరాక్‌లోకి దిగింది ఎక్కడినుంచి? కువైట్ నుంచే.

"అదే నేనూ అంటున్నాను, ప్రచారంలో చెప్పింది ఎవడూ చెయ్యడు, మరి దాన్ని పట్టించుకోవడం దండగ కదా" అంటాడు మావాడు. బాగానే ఉంది. మరి వీసా మాట నిలబెట్టుకున్నారా? 2016 అక్టోబరులో న్యూజెర్సీ ఎడిసన్‌లో ట్రంప్ మనవాళ్ళ సభలో దీపం వెలిగించి, ఆనక మోదీ నినాదాన్ని తన పేరుతో హిందీలో చెప్పి ప్రకటన చేశాడు. మురిసిపోయాం. 2020 జూన్‌లో కొత్త హెచ్-1బిలు ఆపేశాడు. 2025 సెప్టెంబరు 19న కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టమన్నాడు. అడిగిన ఒక్క సంగతిలోనూ దక్కింది ఇది. అయినా దాన్ని పట్టించుకోవడం దండగని ఎవరూ అనరు.

పోనీ వీసా వేరు, యుద్ధం వేరు అందామా? 2017 ఫిబ్రవరి 22 రాత్రి కాన్సస్ రాష్ట్రంలో ఓలేతా అనే ఊళ్ళో ఒక బారులో ఇద్దరు మన ఇంజనీర్ల మీద ఒకడు కాల్పులు జరిపాడు. హైదరాబాదు కుర్రాడు చనిపోయాడు. కాల్చినవాడు పారిపోయి, వేరే ఊళ్ళో హోటలు మనిషితో తాను ఇద్దరు ఇరానీలని కాల్చానని చెప్పాడు. ఇరానీలని! ఇరాన్‌తో మనకేం పని అని కూర్చున్నవాళ్ళం ఇది చదివాక కూడా అలాగే కూర్చున్నాం.

మా మేనబావకి కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులున్నాయి. ట్రంప్ గెలిచిన రోజున "మగాడండీ బాబూ" అన్న మనిషి. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయ్యాక, కొనేవాళ్ళు కౌంటుకింత అని రేటు కోసేశారు. ఆ 50లో సగం, అంటే 25 శాతం, రష్యా చమురు కొంటున్నందుకు వేసిన జుల్మానా. 24 గంటల్లో ఆగిపోవాల్సిన ఉక్రెయిన్ యుద్ధం ఖర్చు అప్పుడు కాట్రేనికోన చెరువు గట్టు మీద వసూలైంది. మా బావ ఇప్పటికీ ట్రంప్‌ని ఏమీ అనడు. మేత కంపెనీని తిడతాడు, వానని తిడతాడు.

ఇక అసలు మాట. ఇది చదివేవాళ్ళలో అమెరికాలో ఓటున్నవాళ్ళు చాలామందే ఉంటారు. కువైట్‌లో అంట్లు తోమే పిల్లకి ఆ ఓటు ఎలాగూ లేదు. ఇక్కడి ఓటు? విదేశంలో ఉన్నా పేరు నమోదు చేయించుకోవచ్చు గానీ, పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా సొంతూరి పోలింగు కేంద్రానికి వచ్చి వెయ్యాలి. ఆ పిల్ల పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది. ప్రచారంలో ఎవరేమన్నా, ఎవరు గెలిచినా, ఆ మాటలు బాంబులై పడే చోట ఉండేది తను. అభ్యర్థుల విందుల్లో, విరాళాల సభల్లో పట్టుచీరలు కట్టుకుని ఫోటోలు దిగేది మనం. అంత దగ్గరగా నిలబడి కూడా గ్రీన్ కార్డు క్యూ గురించే అడిగాం. మన డయాస్పోరా సాహిత్యానికీ అదే జబ్బు. ఆ మాట అనగానే డల్లాసూ, బే ఏరియా. వంటింట్లో పడుకుని రాత్రిళ్ళు ఫోను కోసం చూసే మనిషి ఆ సంకలనాల్లో ఎన్ని పేజీలకి నోచుకుంది?

ఇది మావాడితో అన్నాను. "నాన్నా, నేను ఓటేసేది అమెరికన్‌గా. కువైట్‌లో పనిమనిషి కోసం ఎలా వేస్తాను?" అన్నాడు. న్యాయమైన మాటే, కాసేపు నాకు జవాబు తోచలేదు. తర్వాత అడిగాను. "మరి మీ బావమరిది వీసా కోసం వేశానన్నావు కదరా, అదీ అమెరికన్‌గానే వేశావా?" ఫోనులో కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత మనవరాలి స్కూలు కబుర్లలోకి వెళ్ళిపోయాం.

మొన్న వెనక వీధావిడ మళ్ళీ వచ్చింది. కూతురి రెండేళ్ళ అగ్రిమెంటు అయిపోవస్తోందట, మళ్ళీ సంతకం పెట్టాలా, వచ్చెయ్యాలా అని అడుగుతోందట. అప్పు ఇంకా తీరలేదు. "మళ్ళీ ఏస్తారేమో మీ బాబుని ఓసారి అడిగి చెప్పండి మేష్టారూ, ఆళ్ళకి తెలుస్తాది గదండీ" అంది. సరేనన్నాను. నాలుగు రోజులైంది, ఇంకా వాడికి ఫోను చెయ్యలేదు.