సర్వర్ ఆగింది, పోర్ట్ మాత్రం వదల్లేదు!

తిరుపతిలో మా రూమ్‌లో ఒక పాత ఉబుంటు ల్యాప్‌టాప్ ఉంది. మొన్న రాత్రి అందులో నేను సి లాంగ్వేజ్‌లో రాసుకున్న చిన్న సర్వర్‌ని ఆపి, మళ్లీ స్టార్ట్ చేశాను. పోర్ట్ 8080 ఇప్పటికే వాడుకలో ఉందని ఎర్రర్! బ్రౌజర్‌లో పేజీ తిరుగుతూనే ఉంది, ఓపెన్ కాదు. సర్వరే లేనప్పుడు పోర్ట్ పట్టుకున్నది ఎవరు?

ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్ కొడితే దొరికింది. సర్వర్ స్టార్ట్ చేసిన బ్యాకప్ స్క్రిప్ట్! దానికి నెట్‌వర్క్‌తో పనే లేదు.

విషయం ఏంటంటే, యూనిక్స్‌లో ఫోర్క్ జరిగినప్పుడు పేరెంట్ ఓపెన్ చేసిన ఫైళ్లు, సాకెట్లు అన్నీ చైల్డ్ ప్రాసెస్‌కీ వస్తాయి. ఎగ్జెక్‌తో అది వేరే ప్రోగ్రామ్‌గా మారినా అవి మామూలుగా క్లోజ్ కావు. పేరెంట్ పోయినా, చైల్డ్ దగ్గర కాపీ ఉన్నంతవరకు కెర్నల్ ఆ సాకెట్‌ని మూయదు. అందుకే లైనక్స్‌లో రీయూజ్ అడ్రస్ ఆప్షన్ పెట్టినా ఇక్కడ లాభం లేదు.

పోర్ట్ పోతే చైల్డ్‌ని కిల్ చేస్తే సరిపోతుంది. కానీ లాగిన్ అయి ఉన్న డేటాబేస్ కనెక్షన్ ఇలాగే ఎవరో రాసిన ప్రోగ్రామ్ చేతికి వెళ్తే? అది సెక్యూరిటీ సమస్య.

నా ఉద్దేశంలో ఇక్కడ డిఫాల్టే తప్పు. అడిగినప్పుడే ఇవ్వాలి, అడక్కుండా అంటగట్టకూడదు. పైథాన్ ఆ పనే చేసింది. 2014లో వచ్చిన 3.4 వెర్షన్ నుంచి అది క్రియేట్ చేసే సాకెట్లు ఎగ్జెక్ తర్వాత చైల్డ్‌కి వెళ్లవు. సి లాంగ్వేజ్‌లో మాత్రం ఆ జాగ్రత్త మనదే. సాకెట్ తెరిచేటప్పుడే క్లోజ్-ఆన్-ఎగ్జెక్ ఫ్లాగ్ పెట్టాలి. లైనక్స్‌లో ఆ సౌకర్యం 2008 నుంచే ఉంది. యాక్సెప్ట్‌తో వచ్చే కొత్త సాకెట్‌కి ఆ ఫ్లాగ్ దానంతటదే రాదు, యాక్సెప్ట్4 వాడి విడిగా పెట్టాలి.

వారసత్వం అసలు వద్దని కాదు. సిస్టమ్‌డీ ముందే సాకెట్ తెరిచి, అవసరమైనప్పుడు సర్వీస్‌కి అందిస్తుంది. అది తెలిసి ఇవ్వడం.

ఫోన్‌లోనూ ఇదే కథ. మీ చేతిలో ఉన్నది 2015లో మన శ్రీసిటీలో తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్ అయినా, నిన్న కొన్న ఫోన్ అయినా, యాప్‌లు జైగోట్ అనే ప్రాసెస్ నుంచే ఫోర్క్ అవుతాయి. మామూలుగా అక్కడ ఎగ్జెక్ ఉండదు కాబట్టి ఆ ఫ్లాగ్ పనికిరాదు. అందుకే జైగోట్ సర్వర్ సాకెట్‌ని చైల్డ్‌లో ప్రత్యేకంగా మూసేస్తారు. ఇప్పటి ఆండ్రాయిడ్‌లో అయితే ఓపెన్‌గా ఉన్నవి అనుమతి లిస్ట్‌లో ఉన్నాయో లేదో కూడా చెక్ చేస్తారు.

గూగుల్ ఇంజనీర్లే అంత జాగ్రత్త పడుతుంటే, మనం ఒక్క ఫ్లాగ్ పెట్టడానికి బద్ధకిస్తే ఎలా?