తపాలాబిళ్ల మీద కొండ



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఏడవ తరగతి చదివే అబ్బాయి రాసినది ఒకటున్నది. అతనూ, అతని అక్కా కలిసి కంప్యూటరు మీద ఒక ఆట తయారు చేస్తున్నారట. అందులో ఒకడు సైకిలెక్కి, కొండ శిఖరం నుంచి రాళ్లమీదా గట్లమీదా దూకుతూ కిందికి దిగుతాడు. ఆట పూర్తికావచ్చింది. ఇంటర్నెట్ దుకాణంలో పెట్టటానికి ముఖచిత్రం కావాలి. "నేను కొండను పెద్దగా వేశాను. అక్క మనిషిని పెద్దగా వెయ్యమంటున్నది. ఎవరు చెప్పినది సరి, మాస్టారూ?" అని అడిగాడు. బొమ్మ కూడా పంపాడు. చెయ్యి తిరిగిన బొమ్మే. కొండ మీద పదిహేడు చెట్లున్నవి. ఆకాశంలో ఒక హెలికాప్టరు కూడా ఉన్నది.

తగవు తీర్చేముందు, ఆ బొమ్మ ఎక్కడ ఉండబోతున్నదో చూడాలి. పూర్వం ఇటువంటి ఆటలు అట్టపెట్టెలలో వచ్చేవి. పెట్టె పుస్తకమంత ఉండేది. చేతిలోకి తీసుకుని, తిప్పి, వెనక ఏమి రాశారో చదివి కొనేవారు. ఇప్పుడు కంప్యూటరు ఆటలు చాలావరకు ఇంటర్నెట్ దుకాణాలలోనే అమ్ముడుపోతున్నవి. వాటిలో పేరు మోసినది స్టీమ్. దీనిని అమెరికాలోని వాల్వ్ అనే కంపెనీ 2003లో ప్రారంభించింది.

ఈ దుకాణం వారు ఒకే ముఖచిత్రాన్ని రకరకాల కొలతలలో అడుగుతారు. మొదటి పుటలో పెట్టే బొమ్మకు 1232 చుక్కల వెడల్పు, 706 చుక్కల ఎత్తు కావాలి. చుక్క అంటే తెరమీద రంగు మారగలిగిన అతి చిన్న గడి అన్నమాట. దానినే పిక్సెల్ అంటారు. జాబితాలలో పెట్టే బొమ్మకు వెడల్పు 462 చుక్కలు, ఎత్తు 174 చుక్కలు. గుణించి చూడండి. మొదటిదానిలో 8,69,792 చుక్కలున్నవి, రెండవదానిలో 80,388. అంటే సుమారు పదకొండవ వంతు! జాబితాలో చూపేటప్పుడు దీనిని ఇంకా కుదిస్తారు. ఇక పదిహేడు చెట్లూ కలిసి ఒక పచ్చటి మరక అవుతవి. హెలికాప్టరు ఈగ అవుతుంది.

కాబట్టి పెద్ద కాగితం తీసుకోకండి. 4 సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గడి గీయండి. ఇంచుమించు తపాలాబిళ్లంత ఉంటుంది. ముందు ఆ గడిలో, నల్ల సిరాతో మాత్రమే వెయ్యండి. అందులో నిలబడిన బొమ్మ పెద్దదానిలో కూడా నిలబడుతుంది. పెద్దదానిలో బాగున్నది చిన్నదానిలో నిలుస్తుందని చెప్పలేము.

నల్ల సిరా ఎందుకంటారా? తోలుబొమ్మలాట చూసినవారికి తెలుస్తుంది. బొమ్మ ముఖం పక్కవాటుగా ఉంటుంది. చేతులు ఒంటికి అతుక్కుపోకుండా విడిగా కనబడతవి. దూరాన చాపమీద కూర్చున్నవాడు కూడా అది హనుమంతుడో రావణుడో చెప్పగలడు. మన సైకిలువాడూ అంతే. మోచేతులు విడిగా, మోకాళ్లు వంచి, రెండు చక్రాలూ స్పష్టంగా ఉండాలి. ఎదురుగా వస్తున్నట్టు వేస్తే రెండు చక్రాలూ ఒక గీతలో కలిసిపోయి, మనిషి కర్ర మీద కూర్చున్నట్టుంటాడు. వాడి వెనక ఆకాశం తెల్లగా విడిచిపెట్టండి.

మరి అంత వేగంగా పోయేవాణ్ణి ఏ క్షణంలో పట్టుకోవాలి? ఇదే అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. 1999 జూన్ 27న శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో, ఎక్స్ గేమ్స్ అనే సాహసక్రీడల పోటీలలో టోనీ హాక్ అనే ఆయన చక్రాల పలక మీద గాలిలోకి లేచి, 900 డిగ్రీలు తిరిగి, మళ్లీ పలక మీదే దిగాడు. 900 డిగ్రీలంటే రెండున్నర చుట్లు. ఆ ఏడే ఆయన పేరుతో ఒక వీడియో ఆట కూడా వచ్చింది. ఆటలో రెండున్నర చుట్లూ చూపించవచ్చు. బొమ్మలో పావు చుట్టు కూడా చూపించలేము. బొమ్మకు దక్కేది ఒక్క క్షణమే.

ఈ సంగతి గురించి లెస్సింగ్ అనే జర్మన్ రచయిత 1766లోనే ఒక పుస్తకం రాశాడు. ఘట్టం పరాకాష్ఠకు చేరిన క్షణాన్ని చిత్రకారుడు ఎన్నుకోరాదనీ, అక్కడ చూసేవాడి ఊహ ఆగిపోతుందనీ ఆయన వాదం. దానికి కాస్త ముందు క్షణాన్ని వేస్తే, తరవాతిది చూసేవాడే ఊహించుకుంటాడు. సైకిలు నేలను తాకిన క్షణం వేశామనుకోండి, కథ అయిపోయింది. గట్టు విడిచి, ముందు చక్రం కిందికి వాలుతున్న క్షణం వేస్తే, చూసేవాడు ఊపిరి బిగబట్టి, "దిగుతాడా, పడతాడా?" అనుకుంటాడు. అది తెలుసుకోవాలనే ఆట తెరుస్తాడు.

కాని గాలిలో ఉన్నాడని ఎలా తెలియాలి? చాలామంది పిల్లలు వాడి వెనక గీతలు గీస్తారు. గీతలవల్ల వేగం తెలుస్తుందేమోగాని, ఎత్తు తెలియదు. ఎత్తు చెప్పేది నీడ. నీడ చక్రాలకు అంటుకుని ఉంటే వాడు నేలమీద ఉన్నట్టు. నీడను చక్రాలనుంచి దూరంగా, కింది రాళ్లమీద వెయ్యండి. వెంటనే వాడు పైకి లేస్తాడు! మధ్యనున్న ఖాళీయే ఈ బొమ్మలో ప్రాణం. అక్కడ ఏమీ వెయ్యకండి, ఒక్క పిట్టను కూడా.

ఇక అక్కాతమ్ముళ్ల తగవు. జాబితాలోని చిన్న అడ్డబొమ్మ విషయంలో అక్క చెప్పినదే సరి. అందులో కొండ ఒక మూలనుంచి ఇంకొక మూలకు వాలిన ఒకే ఒక గీత కావాలి. కాని స్టీమ్‌లో మనం కొన్న ఆటలను పేర్చిపెట్టే అలమరలాంటి పుట ఒకటున్నది. అక్కడి బొమ్మ నిలువుది: 600 చుక్కల వెడల్పు, 900 చుక్కల ఎత్తు. అక్కడ తమ్ముడి కొండ ఆకాశాన్నంటవచ్చు; శిఖరాన సైకిలువాడు వేలెడంత ఉన్నా చాలు. అడ్డబొమ్మను కత్తిరించి నిలువుబొమ్మ చెయ్యబోకండి. రెండూ వేరువేరుగా వెయ్యాలి. బెర్లిన్‌లోని మెగాగాన్ ఇండస్ట్రీస్ వారు 2019లో విడుదల చేసిన 'లోన్లీ మౌంటెన్స్: డౌన్‌హిల్' కూడా కొండ దిగే సైకిలు ఆటే. కొండదారిలో సైకిలువాడు ఒంటరి. అటువంటి ఆటకు కొండ కూడా ఒక పాత్రే కనక, తమ్ముడి పట్టుదలలో అర్థం లేకపోలేదు.

పేరు సంగతి. చిన్న బొమ్మలో పేరే దాదాపు నిండి ఉండాలని స్టీమ్ వారు సలహా ఇస్తారు. పొట్టి పేరు పెట్టుకున్నవాడు అదృష్టవంతుడు. తెలుగులో రాస్తే ఇంకొక చిక్కు: పైన గుడులకు, కింద వత్తులకు చోటు విడవాలి. "ఉత్కంఠ" అని పేరు పెడితే అక్షరాలు ఎంత చిన్నవైపోతాయో రాసి చూడండి. "దూకుడు" హాయిగా ఇముడుతుంది.

అసలు విషయానికి వస్తాను. "ఆటలో హెలికాప్టరు లేదు, కాని బొమ్మలో ఉంటే బాగుంటుందని వేశాను" అని ఆ అబ్బాయి ఉత్తరం చివర రాశాడు. నాయనా, దానిని తీసేయి. ఎక్కడో ఒక పిల్లవాడు నెలల తరబడి కూడబెట్టిన డబ్బుతో ఆ హెలికాప్టరు కోసమే నీ ఆట కొంటాడు. మొదటి కొండ దిగుతాడు, రెండవది దిగుతాడు, హెలికాప్టరు రాదు. వాడికి నువ్వేమి చెబుతావు? 2022 సెప్టెంబరు 1 నుంచి స్టీమ్‌లో ఈ ముఖచిత్రాల మీద ఆట తాలూకు బొమ్మ, పేరు, ఉపశీర్షిక తప్ప పొగడ్తలూ, బహుమతుల ముద్రలూ, తగ్గింపు ధరలూ వెయ్యరాదని నియమం పెట్టారు. నాకు ఆ నియమం నచ్చింది. అయితే లేని హెలికాప్టరును పట్టుకునేది నియమం కాదు, వేసినవాడే. తల్లిదండ్రులకు ఒక మాట: ఆ దుకాణంలో కొన్న ఆటను 14 రోజుల లోపల, ఆడినది 2 గంటలకన్న తక్కువైతే, అడిగి డబ్బు వాపసు పుచ్చుకోవచ్చు.

ఇంకొకటి. బొమ్మలోనివాడికి హెల్మెట్ లేదు. ముఖం కనబడాలని కాబోలు. చిన్న గడిలో ఆ ముఖానికి దక్కేవి గుప్పెడు చుక్కలు. కళ్లూ ముక్కూ ఏమి కనబడతవి? ఎర్రటి గుండ్రటి హెల్మెట్ అయితే తల ఎక్కడున్నదో చప్పున తెలుస్తుంది. పైగా మీ బొమ్మ చూసి మేడమెట్ల మీదనుంచి సైకిలు దింపాలనుకునే బుడతలు ఉంటారు.

బొమ్మ పూర్తి అయ్యాక గోడకు అంటించి, పక్కింటి పిల్లవాణ్ణి పిలిచి, పది అడుగుల దూరంలో నిలబెట్టండి. ఒక్కసారి చూపించి అరచేత్తో మూసెయ్యండి. ఏమి చూశావని అడగండి. "సైకిలు మీద ఎవరో పడిపోబోతున్నారు" అంటే రంగులు తియ్యండి. "చెట్లు" అంటే కొత్త కాగితం తియ్యండి.