దయ్యాన్ని తయారుచేసింది యెవరు?

దయ్యం కథ కనబడగానే మూఢవిశ్వాసమని ముద్రవేసి పక్కకు తోసెయ్యడం మన విమర్శలో ఒక సులభమైన అలవాటుగా మారింది. థాయిలాండు టెలివిజనులో వచ్చే మనిషి–దయ్యం ప్రేమకథలను మన విద్యార్థులు కొందరు ఆసక్తితో చూస్తున్నారు. వాటిమీద మనవాళ్ల తీర్పు రెండు మాటల్లో ముగుస్తున్నది: మూఢత్వం, పలాయనవాదం. యీ తీర్పు శాస్త్రీయమని వాళ్ల నమ్మకం. కాదని నా వాదన. దయ్యాలు లేవని చెప్పడానికి విమర్శకుడు అక్కరలేదు. ఆ పని బడిపిల్లల సైన్సు వాచకమే చెయ్యగలదు. లేని దయ్యాన్ని ఒక సమాజం యెందుకు కల్పించుకున్నది, యే బాధను దాని నోట పలికించింది, యెవరి నేరాన్ని దాని నెత్తిన రుద్దింది? విమర్శకుడు వెయ్యవలసిన ప్రశ్నలు యివి.

థాయి దయ్యపు ప్రేమకథల్లో అన్నిటికంటె ప్రసిద్ధమైనది మే నాక్ కథ. బాంకాకులోని ఫ్రఖనోంగ్ కాలువ ఒడ్డున యిది జరిగినట్టు చెప్పుకుంటారు. నాక్ గర్భిణిగా వుండగా భర్త మాక్‌ను యుద్ధానికి తీసుకుపోతారు. ఆమె పురిటిలో బిడ్డతో సహా చనిపోతుంది. తిరిగివచ్చిన భర్తకు ఆ సంగతి తెలియదు. భార్యాబిడ్డలతో కాపురం చేస్తూనే వుంటాడు. ఒకనాడు యింటి నేలచెక్కల సందులోంచి జారిపడిన నిమ్మకాయ కోసం ఆమె చెయ్యి కిందిదాకా సాగుతుంది. మాక్ ప్రాణభయంతో పారిపోతాడు. ఊరిమీద పడిన దయ్యాన్ని చివరకు ఒక బౌద్ధ భిక్షువు అణచివేశాడని ప్రచారంలో వున్న ఒక ముగింపు.

యీ చావుకు బాధ్యులు యిద్దరు: భర్తను లాక్కుపోయిన రాజ్యం, పురిటిమంచం మీద స్త్రీని దిక్కులేకుండా వదిలేసిన వ్యవస్థ. కథ వాళ్లిద్దరినీ వదిలిపెట్టి, చచ్చిన ఆడదాన్నే నేరస్థురాలిని చేసింది. యిది భూస్వామ్య సమాజం చేసిన పని. కాని అదే కథను ప్రజలు యేం చేశారో చూడండి. బాంకాకు వాట్ మహాబుత్ ఆవరణలో నాక్‌కు గుడి వుంది. సుఖప్రసవం కోరేవాళ్లు, తమ మగవాళ్లకు సైన్యపు చీటీ తప్పాలని కోరేవాళ్లు అక్కడ మొక్కుకుంటారు. మినహాయింపు లేని థాయి యువకులు 21వ యేట చీటీ తియ్యాలి. యెర్రచీటీ వస్తే సైన్యానికి, నల్లచీటీ వస్తే యింటికి. మొక్కు వల్ల ఫలం లేదు, నిజమే. కాని ఆ మొక్కుల్లో నాక్‌ను చంపిన రెండు కారణాలూ స్పష్టంగా వున్నాయి. మూఢులని మనం తీసిపారేసిన జనం వాటిని గుర్తుపట్టారు. మన విమర్శకుడు గుర్తుపట్టలేదు.

కథ ముగింపు కూడా రాతిమీద చెక్కింది కాదు. 2013లో బంజోంగ్ పిసంథనకున్ తీసిన "పీ మాక్" సినిమాలో భర్త తన భార్య చనిపోయిందని తెలిసే ఆమెతో వుండడానికి సిద్ధపడతాడు. భిక్షువు అణచివేసిన స్త్రీని అక్కడ భర్త అక్కున చేర్చుకున్నాడు. పాత కథ కొత్త తరం చేతిలో యిలా ఎదురుతిరగగలదు.

యిక టెలివిజను సంగతి. 2019లో జీఎంఎం టీవీ సంస్థ "హీజ్ కమింగ్ టు మి" అనే ధారావాహికను తీసింది. దర్శకుడు నొప్పర్నాచ్ చైవిమోల్. మెస్ అనే యువకుడు చనిపోయి యేళ్లు గడిచాయి. చీనా సంతతివారు పితరుల సమాధులను దర్శించే చెంగ్‌మెంగ్ పండుగ నాడు కూడా అతని సమాధికి యెవరూ రారు. పక్కనున్న తండ్రి సమాధికి వచ్చిన తున్ అనే పిల్లవాడికి అతను కనబడతాడు. తున్ పెరిగి విశ్వవిద్యాలయంలో చేరిన తరువాత యిద్దరి మధ్య ప్రేమ పుడుతుంది. వంశం పేరు నిలిపేవాళ్లకే దక్కే పండుగలో, దిక్కులేనివాణ్ణి పరాయి పిల్లవాడు పలకరించాడు. పితృస్వామ్యాన్ని అంత మెత్తగా ప్రశ్నించిన ఘట్టాన్ని మూఢత్వమనడం నాకు సాధ్యం కాదు.

అయినా నా అభ్యంతరం నాకు వుంది. యిద్దరు మగవాళ్లు ప్రేమించుకోవాలంటే అందులో ఒకడు చచ్చివుండాలా? చచ్చినవాడు యింట్లో వాటా అడగడు, ఆస్తికి వారసుడు కాడు, ఆసుపత్రిలో రోగి తరఫున సంతకం పెడతానని పట్టుబట్టడు. అలాంటి ప్రేమకు కన్నీరు కార్చడం యెవరికైనా సులభమే. ఆనాటి థాయి చట్టం దృష్టిలో బతికివున్న అలాంటి జంట కూడా దంపతులు కారు. మెస్ లాగే వాళ్లూ కంటికి ఆనరు. ధారావాహిక ఆ పోలికను చూపించింది గాని దానికి బాధ్యులెవరో అడగలేదు. పైగా నటులను జంటలుగా కట్టి అభిమానుల సభల్లో, ప్రకటనల్లో అమ్ముకోవడం ఆ పరిశ్రమ వ్యాపారం. ఆ వ్యాపారానికి ప్రేమ ఒక సరుకు.

సరుకుగా మారిన ప్రేమ హక్కును సంపాదించిపెట్టదు. ఆ పని ఉద్యమం చేసింది. యేళ్లతరబడి జరిగిన ఆందోళన ఫలితంగా 2024 జూన్ 18న థాయి సెనేటు వివాహ సమానత్వ చట్టాన్ని ఆమోదించింది. 2025 జనవరి 23 నుంచి అది అమలులోకి వచ్చింది. ఆగ్నేయాసియాలో యిటువంటి చట్టం యిదే మొదటిది.

మన దేశంలో 2018లో సుప్రీంకోర్టు యిటువంటి ప్రేమను నేరాల జాబితా నుంచి తీసివేసింది. 2023లో పెళ్లి హక్కును మాత్రం నిరాకరించింది. దీనిమీద మన అభ్యుదయ విమర్శ యెంత రాసింది? యెక్కువమందికి యిది నగరాల ధనికుల వ్యసనం, చర్చకు తగని వస్తువు. మన తరగతిగదిలో కూర్చున్న విద్యార్థి యెవరికీ చెప్పుకోలేని మాటను ఒక థాయి దయ్యం నోట విని వూరట పొందుతుంటే, దానికి సిగ్గుపడవలసింది ఆ విద్యార్థి కాదు. అతనికి తన భాషలో ఒక్క కథ, ఒక్క వ్యాసం అందించలేకపోయిన మనం.

దయ్యాన్ని నమ్మమని నేను యెవరినీ అడగడం లేదు. మనుషులను దయ్యాలుగా మార్చే చట్టాలు, ఆచారాలు, మౌనాలు మాత్రం నూటికి నూరుపాళ్లు వాస్తవం. భౌతికవాదులమని చెప్పుకునే మనం వాటిమీద కలం యెత్తాలి. లేకపోతే మన విమర్శకు, ఆ మంత్రగాళ్ల పనికి తేడా యేమిటి? వాళ్లూ దయ్యాన్ని తరిమితే చాలనుకున్నారు.