ఎంబీబీఎస్ రోజుల్లోనే పరిశోధన మొదలవ్వాలి

1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ల వైద్య విద్యార్థి పట్టా కోసం క్లోమ గ్రంథిని సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. దానిలో అక్కడక్కడా విడిగా కనిపించిన కణాల గుంపులను వర్ణించి, అవి ఎందుకున్నాయో తనకు తెలియదని నిజాయతీగా రాశాడు. ఇన్సులిన్ తయారయ్యేది అక్కడే. 1921లో టొరంటోలో డాక్టర్ బాంటింగ్‌తో కలిసి దాన్ని వెలికితీసిన చార్లెస్ బెస్ట్‌కు అప్పుడు 22 ఏళ్లు, ఇంకా డాక్టర్ కాలేదు. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ జాడ కూడా 1916లో జాన్స్ హాప్‌కిన్స్‌లో జే మెక్లీన్ అనే రెండో ఏడాది విద్యార్థికే దొరికింది.

మన కాలేజీల్లోనూ అంత చురుకైన పిల్లలున్నారు. లేనిది వాళ్లకు తీరిక, పక్కన కూర్చుని దారి చూపే గురువు.

2005 నుంచి 2014 వరకు దేశంలోని 579 వైద్య సంస్థలను డాక్టర్ సమీరన్ నందీ బృందం పరిశీలిస్తే, 332 సంస్థల నుంచి ఒక్క పరిశోధన పత్రమూ రాలేదని తేలింది. అధ్యాపకులే పరిశోధన చేయని చోట విద్యార్థికి ఆ ఆలోచన ఎలా వస్తుంది? చేరిన ఏడాది నుంచే పీజీ ర్యాంకు బెంగ. ఆ పరీక్షలోని ఎంసీక్యూల్లో జవాబు ముందే ఉంటుంది. వార్డులో రోగి తెచ్చే ప్రశ్నకు మాత్రం చాలాసార్లు పుస్తకంలో జవాబు దొరకదు.

దారి లేకపోలేదు. భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం స్వల్పకాలిక పథకం నడుపుతోంది. సొంత కాలేజీలోనే ఒక గైడ్ దగ్గర రెండు నెలలు పనిచేసి నివేదిక ఇస్తే స్టైపెండ్, సర్టిఫికెట్ అందుతాయి. ఇది అందరికీ దొరకదు కాబట్టి కాలేజీలు కూడా సొంతంగా ఇలాంటి అవకాశం కల్పించాలి.

ప్రశ్నల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణాలు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌తో తరాలుగా బాధపడింది. విద్యార్థులు గ్రామాల్లో కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమం ఇప్పుడు పాఠ్యప్రణాళికలోనే ఉంది. ఆ ఇళ్లలో బీపీ మందులు మధ్యలో ఎందరు మానేస్తున్నారు, ఎందుకు మానేస్తున్నారు అని పద్ధతిగా అడిగి రాసుకుంటే, ఆ సమాచారం ఊరి ఆరోగ్య కేంద్రానికి రేపే పనికొస్తుంది. లాగ్‌బుక్‌లో సంతకంతో ఆ పని ముగిసిపోకూడదు.

అలాగని ప్రతి విద్యార్థీ పత్రం ప్రచురించి తీరాలనే నిబంధన పెట్టవద్దు. పత్రాల లెక్క మొదలైతే అరువు రాతలు మొదలవుతాయి. ఆసక్తి ఉన్నవాళ్లకే తగిన వసతి కావాలి: టైంటేబుల్‌లో కేటాయించిన గంటలు, గణాంకాలు నేర్పే మనిషి, విద్యార్థుల ప్రతిపాదనలను నెలల తరబడి ఆపని ఎథిక్స్ కమిటీ. మార్గదర్శనం చేసే అధ్యాపకుడి శ్రమను పదోన్నతిలో లెక్కించాలి. విజయవాడ, వరంగల్‌లలోని ఆరోగ్య విశ్వవిద్యాలయాలు వచ్చే విద్యా సంవత్సరానికే ఈ ఏర్పాట్లు చేయాలి.