ప్లే నొక్కితే ఇన్‌స్టాల్ అంటోందా?

టెలిగ్రామ్‌లో 30 సెకన్ల వీడియో ఒకటి వస్తుంది. నొక్కితే ఆడదు. వేరే ప్లేయర్‌లో చూడమన్న సందేశం తెర మీద కనిపిస్తుంది. సరేనంటే, తెలియని యాప్‌లకు అనుమతివ్వమని ఫోన్ అడుగుతుంది. అదీ ఇచ్చి ఇన్‌స్టాల్ నొక్కితే లోపలికొచ్చేది దొంగ యాప్.

2024లో బయటపడ్డ ఈ మోసానికి సైబర్ భద్రతా సంస్థ ఈసెట్ పరిశోధకులు ‘ఈవిల్ వీడియో’ అని పేరు పెట్టారు. ఆండ్రాయిడ్ టెలిగ్రామ్ 10.14.4, అంతకు ముందటి వెర్షన్లలో ఏపీకే ఫైలు (యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) అచ్చం వీడియోలా కనిపించేది. ఈసెట్ హెచ్చరించాక, జూలై 11న వచ్చిన 10.14.5తో ఆ లొసుగు పూడింది.

కంప్యూటర్లలో ఈ వేషాలు ఇంకా పాతవి. 2019 జనవరిలో పైరేట్ బే అనే టొరెంట్ సైట్‌లో ‘ది గర్ల్ ఇన్ ది స్పైడర్స్ వెబ్’ సినిమా పేరుతో దొరికినది అసలు వీడియో కాదు, ఒక షార్ట్‌కట్ ఫైలు. తెరిస్తే చాటుగా విండోస్‌లోని పవర్‌షెల్ ఆదేశాలు నడిచేవి. వెబ్ పేజీల్లోని బిట్‌కాయిన్ చిరునామాల స్థానంలో దొంగల చిరునామాలు వచ్చి కూర్చునేవి.

విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకను, అంటే ఎక్స్‌టెన్షన్‌ను, దాచేస్తుంది. అందుకే ‘సినిమా.ఎంపీ4.ఈఎక్స్ఈ’ అన్నది ‘సినిమా.ఎంపీ4’గానే కనిపిస్తుంది. కోట్లమంది వాడే వ్యవస్థ ఇలా దాచడం తప్పు; మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతి మార్చాలి. అంతవరకూ విండోస్ 11 వాడేవారు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో నొక్కి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’కు టిక్ పెట్టుకోవాలి.

వీడియో చూడటానికి కొత్త యాప్, కోడెక్, పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆగిపోవాలి. పంపింది మేనమామే అయినా సరే. ఆయన వాట్సాప్ అప్పటికే దొంగల చేతికి చిక్కి ఉండొచ్చు.

అసలైన ఎంపీ4 ఫైలుతోనూ ముప్పు ఉంటుంది. ప్రత్యేకంగా తయారుచేసిన ఎంపీ4తో దాడికి వీలిచ్చే లోపం వాట్సాప్‌లో ఉందని 2019 నవంబరులో ఫేస్‌బుక్కే వెల్లడించింది. అప్‌డేట్లు వాయిదా వేయకూడదనేది ఇందుకే. మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయడమూ మంచిది. ఈవిల్ వీడియో ఫైలు చాట్ తెరవగానే తనంతట తానే ఫోన్‌లోకి దిగింది ఆ సెట్టింగ్ వల్లే.

పొరపాటున ఇన్‌స్టాల్ చేసినవారు సిగ్గుపడి దాచుకోవద్దు. నెట్ కట్టేసి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే, సొమ్ము చేతులు మారకముందే ఖాతాలను స్తంభింపజేసే అవకాశం అంత ఎక్కువ.