మా ఇల్లు తాండూర్ల ఉంది

పోయిన నవంబరులో ధారూరు వెళ్ళాను. వికారాబాదు దాటి తాండూరు వైపు రైలులో పోయేవారికి స్టేషను బోర్డు మీద ఆ పేరు కనిపించి మాయమవుతుందే గాని, దిగి చూసేవారు తక్కువ. నవంబరులో మాత్రం సంగతి వేరు. 1923 నుంచీ అక్కడ మెథడిస్టు క్రైస్తవుల జాతర జరుగుతూ వస్తున్నది. గుడారాలు వేసుకొని, రాళ్ళ పొయ్యిల మీద వండుకుంటూ, జనం రోజుల తరబడి అక్కడే వుండిపోతారు.

నేను వెళ్ళింది జాతర చూడడానికే. దాని గురించి మరో వారం రాస్తాను లెండి. ఈ వారం నేను దిగిన ఇంటి సంగతి.

ఆ ఇంట్లో మూడేళ్ళ పిల్లవాడున్నాడు. రాత్రి భోజనాల వేళ తల్లి ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే మొహం పక్కకు తిప్పుకొని, "నువ్వు మా అమ్మవు కావు. మా అమ్మ తాండూర్ల ఉంది. మా ఇల్లు బండల ఇల్లు" అన్నాడు. తల్లి నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "రెండు నెల్ల సంది గిదే మాట సారూ" అన్నది, ముద్ద చేతిలో అలాగే పట్టుకొని.

పక్కింటావిడ గడప దగ్గరే కూర్చుని వుంది. "పోయిన జన్మ ముచ్చట చెప్తుండు. ఆ ఇల్లు చూపియ్యకుంటే పోరడు దక్కడు" అనేసింది. నాయనమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మా దాంట్ల గసుంటిది లేదు. ఒక్కపారే పుట్టుడు, ఒక్కపారే సచ్చుడు" అని బైబిలు మీద చెయ్యి వేసింది. ఇద్దరూ చూసి చూసి, పట్నం నుంచి వచ్చాను గనక తీర్పు చెప్పమని నా వైపు తిరిగారు.

తీర్పు నా వల్ల ఏమవుతుంది? నాకు తెలిసిన కథ ఒకటి చెప్పాను. అదే మీకూ చెబుతాను.

1926లో ఢిల్లీలో శాంతీదేవి అనే పిల్ల పుట్టింది. నాలుగేళ్ళు నిండిననాటి నుంచీ, తన ఇల్లు మధురలో వున్నదనీ, తన భర్త బట్టల వ్యాపారి అనీ, తనకు కొడుకున్నాడనీ చెప్పడం మొదలుపెట్టింది. భర్త పేరు మాత్రం చాలా కాలం పైకి అనలేదట. మన వెనకటి ఇల్లాళ్ళ లాగే! చివరకు కేదార్‌నాథ్ చౌబే అని చెప్పింది. తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఎందుకైనా మంచిదని మధురకు ఉత్తరం రాశాడు. జవాబు వచ్చింది. ఆ పేరు గలవాడు వున్నాడు. అతని భార్య లుగ్డీ 1925 అక్టోబరులో, కొడుకును కన్న కొద్ది రోజులకే, ఆగ్రా ఆసుపత్రిలో చనిపోయింది.

1935 నవంబరులో కేదార్‌నాథ్ తన కొడుకుతో ఢిల్లీ వచ్చాడు. పిల్లను పరీక్షించడానికి, భర్త అన్నగారని చెప్పి అతన్ని చూపించారట. ఆ పిల్ల సిగ్గుపడి తల వంచుకున్నది. కొడుకును చూసి ఏడ్చింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఏడుస్తున్న తల్లికి అప్పటికి ఇంకా తొమ్మిదేళ్ళు నిండలేదు. కొడుకు ఆమెకంటె ఏడాది పైచిలుకు పెద్ద.

ఆ నెలలోనే పదిహేను మంది పెద్దలు కమిటీగా ఏర్పడి పిల్లను మధుర తీసుకువెళ్ళారు. జట్కాబండి ఎక్కి ఆమే దారి చెప్పిందనీ, ఇంట్లో డబ్బు దాచిన చోటు చూపిస్తే అక్కడ ఏమీ లేదనీ, భార్య పోయాక ఆ డబ్బు తానే తీసుకున్నానని భర్త ఒప్పుకున్నాడనీ చెబుతారు. దేశబంధు గుప్తా ప్రభృతులు 1936లో నివేదిక అచ్చు వేశారు. అదే కాలంలో బాలచంద్ నాహటా అనే ఆయన అంతా విచారించి, ఈ సాక్ష్యంతో పునర్జన్మ రుజువు కాదని మరో పుస్తకం వేశాడు. మన దేశంలో దేనికైనా రెండో పుస్తకం వుంటుంది, అది మంచిదే.

శాంతీదేవి పెళ్ళి చేసుకోలేదు. 1987లో చనిపోయింది. ఈ కథ చెప్పేవాళ్ళు మధుర దగ్గరే ఆపేస్తారు. నాకు మాత్రం ఆ తరవాతి యాభై యేళ్ళే ఎక్కువగా తోస్తూ వుంటాయి.

తరవాత అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం నుంచి ఇయాన్ స్టీవెన్సన్ అనే మనస్తత్వ వైద్యుడు 1961లో మన దేశం వచ్చాడు. ఇలాంటి పిల్లల ఇళ్ళకు వెళ్ళి తల్లినీ తండ్రినీ ఇరుగుపొరుగునూ విడివిడిగా ప్రశ్నించాడు. 1966లో ఇరవై మంది పిల్లల గురించి పుస్తకం వేశాడు. 2007లో ఆయన పోయేనాటికి అనేక దేశాల నుంచి సుమారు 2500 ఉదంతాలు ఆ విశ్వవిద్యాలయంలో పోగుపడ్డాయి. అన్నిచోట్లా వరస ఒకటే: రెండేళ్ళకూ అయిదేళ్ళకూ మధ్య మొదలుపెడతారు, ఏడెనిమిదేళ్ళకల్లా మరిచిపోతారు. చచ్చిపోయిన మనిషి తరచుగా ప్రమాదంలోనో హత్యలోనో పోయినవాడై వుంటాడు.

అయితే ఇందులో పెద్ద చిక్కొకటి వుంది. చాలాచోట్ల రెండు కుటుంబాలూ కలుసుకున్న తరవాతే పరిశోధకుడు వస్తాడు. అప్పటికి పిల్లవాడు ముందు ఏమన్నాడో, కలిశాక పెద్దలు ఏం కలిపారో విడదియ్యడం బ్రహ్మతరం కాదు. ముందే కాగితం మీద పెట్టినవి బహు కొద్ది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రం చెప్పిన సి.టి.కె. చారి గారు పునర్జన్మను నమ్మే దేశంలోనే పుట్టినా, పిల్లల మాటలకు ఆ రూపం ఇచ్చేది మన నమ్మకమేనేమో చూడమని స్టీవెన్సన్‌తో వాదించారు.

ఆ మాట కొట్టిపారెయ్యలేము. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా గారు, మరొకరితో కలిసి ఆగ్రా జిల్లాలో లెక్క తీస్తే, వెయ్యి మందికి ఇద్దరు చొప్పున ఇలాంటివారు తేలారు. అదే దక్షిణాదిలో ఈ కథలు అరుదు. ఎందుకింత తక్కువ అని 2001లో ఆమె ఒక వ్యాసమే రాశారు. పునర్జన్మను మనం మాత్రం తక్కువ నమ్ముతామా? "మూగ మనసులు" 1964లో వస్తే బళ్ళు కట్టుకుని వెళ్ళి ఏడ్చివచ్చినవాళ్ళం. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారికి, ఆయన చిన్నతనంలోనే, లెడ్‌బీటర్ దొర పూర్వజన్మలన్నీ వరసగా రాసి పెట్టాడు. పాపం, గుర్తున్నాయని ఆ పిల్లవాడు అనలేదు, దొరకే గుర్తున్నాయి!

నా ఊహ ఒకటి చెబుతాను, ఊహగానే తీసుకోండి. మన ఇళ్ళలో తాత పోయిన ఏడాది మనవడు పుడితే ఆయన పేరే పెడతాము. మామగారి పేరు నోటితో అనకూడదని కోడలు ఆ పిల్లవాణ్ణి "చిన్నాయనా" అనో "అబ్బాయీ" అనో పిలుచుకుంటుంది. వాడు ఎడమ చేత్తో గోక్కుంటే "అచ్చం మీ తాతే" అంటాము. మన పోయినవాళ్ళు మన ఇంటికే తిరిగి వస్తారు గనక, పొరుగూరు వెళ్ళి వెతుక్కునే అవసరం మనకు రాలేదేమో.

ఉత్తరాదిన ఇలాంటి పిల్లలు ఎక్కువ కాలం బతకరని భయపడి, మరిపించడానికి కుమ్మరి సారె మీద కూర్చోబెట్టి అపసవ్యంగా తిప్పేవారు వున్నారు, కొట్టేవారూ వున్నారు. మరిపించబోయినా, వదిలేసినా, మరిచిపోయే వయసులో తేడా లేదని స్టీవెన్సన్ లెక్కలు చూపించాయి. ఆ మాట చెప్పగానే ధారూరు తల్లి పక్కింటావిడ వైపు చూసింది. అప్పటికే ఎవరో ఏదో సలహా చెప్పివుంటారని నాకు అర్థమయింది.

అందుకని నేను చెప్పింది ఒకటే. తాండూరు ఎవరూ వెళ్ళవద్దు. వాణ్ణి ఏమీ అడగవద్దు, కొట్టవద్దు. వాడంతట వాడు అన్నమాట అన్నట్టు, తారీకు వేసి నోటుపుస్తకంలో రాయండి. నాయనమ్మ కాసేపు ఆలోచించి, "రాసుడుకు ఏం తప్పు లేదు" అని అనుమతి ఇచ్చింది.

ఫిబ్రవరిలో ఆ తల్లి ఫోను చేసింది. పుస్తకంలో పదకొండు మాటలు చేరాయట. చదువుతూ వుంటే ఆవిడకే తట్టింది. రెండో కాన్పు కష్టమై తాను ఆసుపత్రిలో పడినప్పుడు, ఏడాదిన్నర పిల్లవాడు నాలుగు నెలలు తాండూరులో తన అక్క దగ్గర పెరిగాడు. నాపరాతి ఇల్లు, ఎర్ర గాజులు, గేటు దగ్గర మేక, అన్నీ అక్కవే. వాడు ఆమెను అమ్మా అనే పిలిచేవాడు. "అందరికీ ఎరికే సారూ. ఒక్కరికన్న యాదికి రాలే" అన్నది. కొంచెం ఆగి, "నేను లేననే గద సారూ ఆమెను అమ్మ అన్నది" అన్నది.

పదకొండులో తొమ్మిది అలా తేలిపోయాయి. రెండు తేలలేదు. కుంటి తెల్లగుర్రం ఒకటి, బావిలో పడిన అన్న ఒకడు. అక్క ఇంట్లో గుర్రమూ లేదు, బావీ లేదు. ఆ రెంటి ఎదుటా ప్రశ్నగుర్తు పెట్టి వదిలేశారు. అది పెట్టింది నాయనమ్మేనట!

ఇప్పుడు ముద్ద పెడితే తింటున్నాడా అని అడిగాను.

"తింటుండు. గని పప్పుల కారం ఎక్కువైందని ఒకటే లొల్లి" అన్నది ఆ తల్లి.