మడ అడవిని మ్యాప్‌లో చూస్తే చాలదు

ఈ వారం నేను నేర్చుకున్న మాట "చిత్తడి నేల". నీళ్లు నిలిచే నేల, లేదా ఆటుపోట్లకు తడిసే నేల. మలయ్‌లో "పాయా" అంటాం. మా సుంగై పెటాని దగ్గర మెర్బోక్ నది ఒడ్డున ఉన్న మడ అడవి కూడా చిత్తడి నేలే.

నేను వారాంతంలో పిల్లలకు పాఠాలు చెప్తాను. పోయిన నెల గూగుల్ ఎర్త్‌లో మెర్బోక్ చూపించాను. అడవి ముదురు ఆకుపచ్చగా ఉంది. పక్కన గళ్లు గళ్లుగా చేపల చెరువులు, రొయ్యల చెరువులు. పాత సంవత్సరాల ఫొటోలు కూడా పక్కన పెట్టి చూశాం. ఇందుకు మ్యాప్ మంచి గురువే.

తర్వాత 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 లక్ష్యాల పోస్టర్ తీశాను. "అక్కా, మడ అడవి 14లోకి వస్తుందా, 15లోకి వస్తుందా?" అని ఒక బాబు అడిగాడు. 14 నీటిలోని జీవం, 15 నేల మీది జీవం. మడ అడవి రెండిటిలోనూ ఉంది. అప్పుడు ఒక పాప మెల్లగా అంది: "మా మామయ్య ఆ చెరువులోనే పని చేస్తాడు." మరి మంచి పని కూడా 8వ లక్ష్యమే కదా! నాకు వెంటనే జవాబు రాలేదు.

నా అభిప్రాయం ఇది. లక్ష్యాలను రంగుల బొమ్మలుగా నేర్పితే పిల్లలు నంబర్లు బట్టీ పడతారు. ఒకే చోట రెండు లక్ష్యాలు గొడవ పడడం చూస్తేనే ఆలోచిస్తారు. ఆంధ్రలో కొల్లేరు కథ కూడా ఇదే. 2002లో దానికి రాంసర్ గుర్తింపు వచ్చింది. 2006లో ప్రభుత్వం అక్కడి చేపల చెరువుల గట్లు కొట్టించింది. సరస్సుకు అది మేలు. చెరువుల మీద బతికేవాళ్లకు కష్టం. పిల్లలకు రెండూ చెప్పాలి.

ఇంకో మాట. ఉపగ్రహం ఫొటో ఒక్క క్షణానిది. పోటు సమయంలో తీస్తే బురద కనిపించదు. ఆటు సమయంలో తీస్తే నది సన్నగా కనిపిస్తుంది. అందుకే మ్యాప్ చూశాక పిల్లలను ఒడ్డుకు తీసుకెళ్లాలి. 2004 డిసెంబర్ 26న సునామీ మా దగ్గరి కోటా కువాలా ముడాను కొట్టింది. ఈ పిల్లలు అప్పటికి పుట్టలేదు. అలల జోరును మడచెట్ల వేర్లు తగ్గిస్తాయని చెప్పడానికి ఆ ఒడ్డు కంటే మంచి క్లాసు లేదు.

వచ్చే వారం ఆ పాప మామయ్యను కూడా మాతో రమ్మని అడుగుతాను. మీ ఊరి దగ్గర చిత్తడి నేల ఉందా? దాన్ని మీ ఇంట్లో పెద్దవాళ్లు తెలుగులో ఏమంటారో అడిగి నాకు చెప్పండి. నా తెలుగులో తప్పులుంటే అవి కూడా చెప్పండి.